స్పీడ్ గన్ లేజర్‌ని ఫొటోలో పట్టుకోవడం ఎలా?

పోలీసులు వాహనాల వేగం కొలిచే లేజర్ స్పీడ్ గన్ నుంచి వచ్చే వెలుగు తరంగదైర్ఘ్యం 905 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మన కన్ను 700 దాటిందంటే దాదాపు ఏమీ చూడలేదు. కెమెరాలోని సిలికాన్ సెన్సర్ మాత్రం 1100 వరకూ ఎంతో కొంత చూస్తుంది. అయితే రంగులు చెడిపోకుండా ఉండటానికి తయారీదారులు సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని, అంటే 700 దాటిన వెలుగుని, ఆపే చిన్న గాజు ముక్క పెడతారు. ఆ గాజు తీసేసి, దాని బదులు మామూలు వెలుగుని ఆపే ఫిల్టర్ పెడితే, కంటికి కనపడని ఆ లేజర్ ఫొటోలో పడుతుంది. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు చాలామంది ఎక్కడ దెబ్బతింటారో, ఎందుకో కింద వివరంగా ఉంది.

మొదట ఒక భ్రమ వదులుకోవాలి. గన్ నుంచి కారు దాకా తాడు కట్టినట్టు తెల్లటి గీత కనపడుతుందని అనుకుంటే నిరాశే. గాలి శుభ్రంగా ఉంటే పక్కనుంచి చూసే కెమెరాకి ఆ కిరణంలోంచి ఏమీ చేరదు. పైగా ఆ వెలుగు విడతలు విడతలుగా వస్తుంది. ఒక్కో పల్స్ 20, 30 నానోసెకన్లు మాత్రమే ఉంటుంది. నమూనాను బట్టి సెకనుకి 100 నుంచి కొన్ని వందల పల్స్‌లు వస్తాయి. సెకనుకి 200 పల్స్‌లు, ఒక్కోటి 30 నానోసెకన్లు అనుకుంటే, సెకను మొత్తంలో గన్ నిజంగా వెలిగేది 6 మైక్రోసెకన్లే. పల్స్ ఉన్న క్షణంలో శక్తి పదుల వాట్లలో ఉన్నా, సగటు తీస్తే వాటులో పదివేలో వంతుకి అటూ ఇటూ. కంటికి హాని లేకుండా క్లాస్ 1 అనే భద్రతా తరగతి లోపలే ఉండాలి కాబట్టి అలా తయారు చేస్తారు.

కాబట్టి ఈ పని మొత్తానికి ఒకటే సూత్రం. లేజర్‌ని మనం పెంచలేం. చుట్టూ ఉన్న వెలుగుని తగ్గించగలం. ఐఎస్ఓ (కెమెరా సున్నితత్వం) పెంచితే లేజర్‌తో పాటు వెనకున్న కొబ్బరిచెట్టు కూడా పెరుగుతుంది, లాభం లేదు. ఫిల్టర్, నీడ, నేపథ్యం, సమయం, ఈ నాలుగింటి మీదే శ్రమ పెట్టండి.

వెలుగు ఎక్కడిది?

పోలీసుల గన్ కోసం రోడ్డు మీద కాపు కాయక్కర్లేదు. గోల్ఫ్ ఆడేవాళ్లు, సర్వేవాళ్లు వాడే లేజర్ రేంజ్‌ఫైండర్ చాలావరకు అదే 905 నానోమీటర్ల డయోడ్‌తో, అదే పల్స్ పద్ధతిలో పనిచేస్తుంది. పల్స్ వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కకడుతుంది. 100 మీటర్లకి ఆ సమయం 667 నానోసెకన్లు. స్పీడ్ గన్ ఇదే కొలతని సెకనులో మూడో వంతు కాలంలో చాలాసార్లు తీసి, దూరం ఎంత త్వరగా మారుతోందో చూసి వేగం చెబుతుంది. ఫొటోకి సంబంధించినంత వరకు రెండూ ఒకటే. రేంజ్‌ఫైండర్‌లో స్కాన్ మోడ్ ఉన్నదే తీసుకోండి. బటన్ నొక్కి ఉంచినంతసేపు పల్స్‌లు వస్తూంటాయి.

కొనేటప్పుడు ఒక పొరపాటు జరుగుతూంటుంది. వడ్రంగులు, తాపీమేస్త్రులు గదులు కొలవడానికి వాడే ఎర్రచుక్క మీటర్ వేరు. అది 635 నానోమీటర్ల దగ్గర కంటికి కనపడే ఎర్ర లేజర్. దానితో ఈ ప్రయోగం జరగదు. పరికరం వెనక స్టిక్కర్ మీద 905, క్లాస్ 1 అని ఉందో లేదో చూసుకోండి. అలాగే పోలీసుల దగ్గరున్న ప్రతి స్పీడ్ గన్నూ లేజర్ కాదు. రాడార్ గన్‌లు 24 గిగాహెర్ట్జ్, ఆ పైన ఉండే సూక్ష్మతరంగాలు పంపుతాయి. ఏ కెమెరాకీ అవి దొరకవు.

నిజం గన్నే ఫొటో తీయాలనే కోరిక ఉంటే, స్టేషన్‌కి వెళ్లి ఎస్సై గారిని అడిగి, తనిఖీ లేని సమయంలో స్టేషన్ ఆవరణలోనే తీసుకోండి. డ్యూటీలో ఉన్నవాళ్ల ముందుకెళ్లి ట్రైపాడ్ వేస్తే వాళ్ల పనికి అడ్డు, మీ ప్రాణానికి ముప్పు. పైగా ఫలితం కూడా సున్నా. గన్ కారు నంబరు ప్లేటు వైపు చూస్తుంటే, రోడ్డు పక్కన నిలబడ్డ మీరు కిరణంలో ఉండరు కదా.

ఏ కెమెరా?

ఇంట్లో ఏముందో ముందు చూడండి. కొత్తగా కొనాల్సిన అవసరం రాకపోవచ్చు.

భీమవరం వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువుల గట్ల మీద సీసీ కెమెరాలు తెలియనివారు లేరు. సాయంత్రం చీకటి పడగానే ఆ కెమెరాలోంచి టిక్కుమని శబ్దం వస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే గాజు పక్కకి జరిగిన చప్పుడు అది. సెట్టింగ్స్‌లో నైట్ మోడ్‌ని శాశ్వతంగా పెట్టి, చుట్టూ ఉన్న 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు ఆపేస్తే, విప్పకుండానే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చేతికొచ్చినట్టే. ఎల్‌ఈడీలు ఆపే వీలు లేకపోతే వాటి మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు వేయండి. లోటేమిటంటే చాలా సీసీ కెమెరాల్లో షట్టర్ మన మాట వినదు, వీడియో కూడా బాగా కంప్రెస్ అయి, వివరాలు పోయి వస్తుంది.

పాత సోనీ క్యామ్‌కార్డర్‌లో చీకట్లో తీయడానికి నైట్‌షాట్ మీట ఉంటే అదీ పనికొస్తుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు వాడేవారికి నోఐఆర్ కెమెరా అన్నిటికంటే మంచిది. ఆ గాజు లేకుండానే అమ్ముతారు, షట్టర్ మన ఇష్టం. రెండో తరం మాడ్యూల్‌లో 11.76 సెకన్ల దాకా, మూడో తరంలో 112 సెకన్ల దాకా షట్టర్ తెరిచి ఉంచవచ్చు. విలువ మైక్రోసెకన్లలో ఇవ్వాలి, 10 సెకన్లకి 1,00,00,000.

ఇవేవీ లేకపోతే పాత వెబ్‌క్యామ్. చవక, పాడైనా బాధ లేదు, అన్నిటికంటే ముఖ్యం దానిలో ఫ్లాష్ ఉండదు. ఫ్లాష్ ఉన్న చిన్న డిజిటల్ కెమెరాని మొదటిసారి విప్పేవాళ్లు ముట్టుకోకపోవడమే మేలు. బ్యాటరీ తీసి రోజులైనా లోపలి ఫ్లాష్ కెపాసిటర్‌లో 300 వోల్టుల వరకూ ఛార్జి నిలిచి ఉండొచ్చు. తప్పనిసరైతే 4.7 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ని, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో కెపాసిటర్ రెండు కాళ్లకీ 10 సెకన్లు తగిలించి, మల్టీమీటర్‌తో సున్నాకి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం వద్దు. నిప్పురవ్వ లేచి బోర్డు పోతుంది.

వెబ్‌క్యామ్ విప్పడం

వానాకాలం ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి. మన దగ్గర గాలిలో తేమ లెన్స్ లోపల చిక్కితే కొన్ని నెలల్లో బూజు పడుతుంది. ఎండ కాసే రోజు, ఫ్యాన్ ఆపేసి, బల్ల మీద తెల్ల బట్ట పరుచుకుని మొదలెట్టండి.

1. స్టిక్కర్ల కింద, రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలు తీయండి. సున్నా సున్నా సైజు స్టార్ స్క్రూడ్రైవర్ సరిపోతుంది.

2. బోర్డు మీద లెన్స్ గొట్టానికి మరలు ఉంటాయి. వాటిని కదలకుండా జిగురు చుక్క పెట్టి ఉంటారు. విప్పే ముందు లెన్స్‌కీ, పట్టుకునే ముక్కకీ కలిపి సూదితో చిన్న గీత గీయండి, తర్వాత పాత చోటు తెలుస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో అర నిమిషం వేడి చేస్తే జిగురు వదులుతుంది.

3. లెన్స్ తీయగానే సెన్సర్ బయటపడుతుంది. వెంటనే దాని మీద పేపర్ టేపుతో చిన్న గుడారం కట్టండి, టేపు సెన్సర్‌కి తగలకూడదు. ఒక్క దుమ్ము రేణువు పడినా ప్రతి ఫొటోలో నల్లచుక్క అవుతుంది.

4. లెన్స్ గొట్టం వెనక వైపు చూడండి. ఏటవాలుగా పట్టుకుంటే ఎర్రగా, గులాబీగా మెరిసే చదరపు గాజు ముక్క ఉంటుంది. తీయాల్సింది అదే. కొన్నిటిలో అది సెన్సర్ మీది గూటికి అతికి ఉంటుంది, అలాంటప్పుడు గూడుని బోర్డు నుంచి విప్పాకే దాని జోలికి వెళ్లాలి.

5. గొట్టం నోరు కిందికి పెట్టి, కట్టర్ బ్లేడు మొనని గాజు అంచు కింద దూర్చి మెల్లగా ఎత్తండి. ఊడకుండా పగిలితే ముక్కలు కిందికే రాలతాయి. కళ్లద్దాలు లేకుండా ఈ అడుగు వేయకండి. బ్లేడు లోపలికి దూసుకెళ్తే లెన్స్ మీద గీత పడుతుంది, దానికి మందు లేదు.

6. రబ్బరు బల్బుతో గాలి కొట్టి, లెన్స్ తిరిగి బిగించండి. నోటితో ఊదకండి.

గాజు పోయింది కాబట్టి ఫోకస్ మారుతుంది. గాజు ఉన్నప్పుడు తన మందంలో సుమారు మూడో వంతు దూరం ఫోకస్‌ని వెనక్కి నెడుతుంది. అది పోతే లెన్స్‌ని కొంచెం లోపలికి బిగించాలి. ఇన్‌ఫ్రారెడ్ ఫోకస్ సహజంగానే కాస్త వెనక పడుతుంది కాబట్టి కొంత సర్దుకుంటుంది. మీ గీత నుంచి అటు పావు చుట్టు, ఇటు పావు చుట్టు తిప్పి చూస్తే దొరుకుతుంది. ఫోకస్ మాత్రం ఫిల్టర్ పెట్టాకే సరిచేయండి, ముందు చేసింది వృథా.

పెద్ద కెమెరాలో ఈ పని చేయించేవారు గాజు తీసి ఊరుకోకుండా, అంతే మందంలో పారదర్శకమైన గాజు వేయించాలి. లేకపోతే ఆటోఫోకస్ తప్పుతుంది, కొన్ని లెన్స్‌లకి దూరం అసలు అందదు.

ఫిల్టర్‌లోనే సగం పని

గాజు తీసిన కెమెరా అన్నీ చూస్తుంది. ఇప్పుడు మామూలు వెలుగుని ఆపాలి. 720 నానోమీటర్లు దాటిన వెలుగుని మాత్రమే వదిలే ఫిల్టర్ ప్రకృతి చిత్రాలకి బాగుంటుంది గానీ మనకి పనికిరాదు, ఎక్కువ వెలుగుని వదిలేస్తుంది. చీకటి గదిలో, రాత్రిపూట తీయడానికి 850 ఫిల్టర్ చాలు. పాత ఫొటో స్టూడియోలో కడిగిన కలర్ నెగెటివ్ రీలు చివర పూర్తిగా నల్లబడిన ముక్క దొరికితే, దాన్ని రెండు పొరలుగా లెన్స్ ముందు అతికించినా పని జరుగుతుంది. కళ్లకి నల్లగా ఉన్నా ఇన్‌ఫ్రారెడ్‌కి అది పారదర్శకమైన గాజు లాంటిదే. బొమ్మ కాస్త మసకగా వస్తుంది.

పగలు తీయాలంటే మాత్రం 905 చుట్టూ ఉన్న సన్నని పట్టీని మాత్రమే వదిలే ఇంటర్‌ఫియరెన్స్ ఫిల్టర్ కావాలి. 10 నానోమీటర్ల వెడల్పుదీ, 25దీ, 40దీ దొరుకుతాయి. సన్నగా ఉంటే మంచిదే కదా అని 10ది తీసుకుంటారు. మన ప్రాంతంలో అది దెబ్బకొడుతుంది. 905 డయోడ్ తరంగదైర్ఘ్యం ప్రతి డిగ్రీ వేడికీ సుమారు 0.3 నానోమీటర్లు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల్లో ఉన్న పరికరానికీ, మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల్లో ఉన్న అదే పరికరానికీ 7 నానోమీటర్ల పైనే తేడా వస్తుంది. 10 వెడల్పు ఫిల్టర్‌కి మధ్య నుంచి అటు 5, ఇటు 5 మాత్రమే చోటు. లేజర్ బయటికి జారిపోతుంది. 25ది గానీ 40ది గానీ కొనండి.

ఈ రకం ఫిల్టర్‌కి ఇంకో స్వభావం ఉంది. వెలుగు ఏటవాలుగా పడితే దాని పట్టీ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరుగుతుంది. 10 డిగ్రీల కోణంలో 3, 4 నానోమీటర్లు, 15 డిగ్రీల్లో 7, 8. అందుకే వైడ్ లెన్స్‌తో తీస్తే మధ్యలో లేజర్ కనపడి, అంచుకి జరపగానే మాయమవుతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ (చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండే సైజు) కెమెరాకి 50 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న లెన్స్ వాడండి, లేజర్‌ని చిత్రం మధ్యలోనే ఉంచండి. లెన్స్ రంధ్రం (అపర్చర్) చిన్నగా పెట్టి తీస్తే కొన్ని లెన్స్‌ల్లో మధ్యన తెల్లటి మచ్చ తేలుతుంది. ఎఫ్/2.8 నుంచి 5.6 మధ్య ఉంటే ఆ బెడద తక్కువ.

ఫిల్టర్ పెట్టాక ఇన్‌ఫ్రారెడ్ చూస్తోందా లేదా అనడానికి టీవీ రిమోట్ చాలు. దాని ఎల్‌ఈడీ 940 దగ్గర వెలుగుతుంది. 25 వెడల్పు ఫిల్టర్‌తో మాత్రం రిమోట్ బాగా మసకగా కనపడవచ్చు, అసలు కనపడకపోవచ్చు కూడా. అది లోపం కాదు, ఫిల్టర్ సరిగా పనిచేస్తోందని అర్థం.

మొదటి ఫొటో, ఇంట్లోనే

గదిలో కిటికీలు మూసి ఎల్‌ఈడీ లైటు వేసుకోండి. తెల్ల ఎల్‌ఈడీ నుంచి 905 దగ్గర దాదాపు ఏమీ రాదు. మీకు గది కనపడుతుంది, కెమెరాకి చీకటిగా ఉంటుంది. పాత తీగ బల్బు, దేవుడి మూల వెలిగే దీపం, వీటిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. చిన్న దీపం ఒక్కటి చాలు ఫొటో తెల్లబడటానికి.

గోడకి నల్లటి నేపథ్యం కట్టాలనుకుంటారు. నల్ల నూలు బట్ట, నల్ల పాలియెస్టర్ ఇన్‌ఫ్రారెడ్‌లో చాలాసార్లు తెల్లగా కనపడతాయి, ఎందుకంటే ఆ అద్దకాలు కంటికి కనపడే వెలుగుని మాత్రమే మింగుతాయి. నిజంగా నల్లగా ఉండాలంటే మసి ఉన్న వస్తువు కావాలి. పాత సైకిల్ ట్యూబులు కోసి పరిచినా సరే, మసిపట్టిన పెనం వెనకైనా సరే.

రేంజ్‌ఫైండర్‌ని కదలకుండా పుస్తకాల మధ్య నిలబెట్టండి. 2 మీటర్ల దూరంలో ఏ4 తెల్ల కాగితం పెట్టండి. దాని ముందున్న రెండు గుండ్రటి లెన్స్‌ల్లో ఒకటి పంపేది, మరొకటి అందుకునేది. ఏది ఏదో కెమెరా చెప్పేస్తుంది. ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8, 1/15 సెకనుతో మొదలెట్టండి. వెబ్‌క్యామ్ అయితే ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి, విండోస్‌లో ఎక్స్‌పోజర్ మైనస్ 5 పెట్టండి, అంటే 1/32 సెకను. బటన్ నొక్కినప్పుడు కాగితం మీద లెన్స్ అంత మచ్చ, తరచుగా గుండ్రంగా కాక పొడుగు దీర్ఘచతురస్రంలా కనపడుతుంది. డయోడ్ లోపల వెలుగు పుట్టే చోటు సన్నని గీతలా ఉంటుంది కాబట్టి ఆ ఆకారం. రంగు ఉండదు, బూడిద రంగే. 850 దాటాక సెన్సర్ మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకేలా వదులుతాయి. నలుపు తెలుపులోకి మార్చుకోవడమే నయం.

మచ్చ కనపడీ కనపడకుండా ఉంటే మొదట షట్టర్ చూడండి. సెకనుకి 200 పల్స్‌లు వస్తుంటే, 1/30 సెకనులో ఆరో ఏడో పడతాయి. 1/1000 పెడితే ఐదు ఫొటోల్లో ఒక్కదానిలో మాత్రమే ఒక పల్స్ పడుతుంది. కెమెరా చెడిందనుకునేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు ఇదే. రోలింగ్ షట్టర్ (చిత్రాన్ని వరస తర్వాత వరసగా తీసే) కెమెరా అయితే వేగమైన షట్టర్‌లో మచ్చ సగం కోసినట్టు, అడ్డంగా చారలు పడినట్టు వస్తుంది. పల్స్ వచ్చిన ఆ క్షణంలో ఏ వరసలు తెరిచి ఉన్నాయో వాటికే వెలుగు అందుతుంది మరి. అన్ని వరసలకీ కనీసం నాలుగైదు పల్స్‌లు అందేలా 1/30 కంటే వేగం పెంచకండి.

ఎదురుగా నిలబడి

కాగితం మీద మచ్చకంటే, కిరణంలోనే నిలబడి పరికరం మూతిని చూసే కెమెరాకి అందే వెలుగు కొన్ని వేల రెట్లు ఎక్కువ. పట్టపగలు కూడా ఇది దొరుకుతుంది. అయితే కెమెరా నిజంగా కిరణం లోపల ఉండాలి. స్పీడ్ గన్ కిరణం సుమారు 3 మిల్లీరేడియన్లు విచ్చుకుంటుంది. 100 మీటర్ల దగ్గర దాని వెడల్పు 30 సెంటీమీటర్లు, 300 దగ్గర 90. కెమెరాకి ఒక అడుగు పక్కన గురిపెట్టినా చీకటే. 30, 40 మీటర్ల దూరంలో కెమెరాని స్టాండు మీద నిలిపి, ఇంకొకరు రేంజ్‌ఫైండర్‌తో సరిగ్గా కెమెరా మీదే గురి పెట్టాలి. ఐఎస్ఓ 200, 1/30 చాలు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త గట్టిగా పాటించండి. డీఎస్‌ఎల్‌ఆర్ ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి, బైనాక్యులర్‌లోంచి లేజర్ మూతిని చూడకండి. క్లాస్ 1 హామీలో బైనాక్యులర్‌లోంచి చూడటం కూడా చేరుతుంది గానీ, స్టిక్కర్ మీద 1ఎం అని ఉంటే చేరదు, కాబట్టి వెలుగుని పోగుచేసే లెన్స్ వెనక కన్ను పెట్టకపోవడమే మేలు. వెనక తెర మీదే చూసుకోండి. 10 మీటర్ల కంటే దగ్గరగా కెమెరాని మూతికి ఎదురు పెట్టకండి.

నంబరు ప్లేటు నుంచి తిరిగొచ్చే వెలుగు

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలన్నిటికీ వచ్చిన హై సెక్యూరిటీ నంబరు ప్లేటు మీద రెట్రోరిఫ్లెక్టివ్ పొర ఉంటుంది. ఏ దిక్కునుంచి వెలుగు వస్తే ఆ దిక్కుకే తిప్పి పంపుతుంది. స్పీడ్ గన్‌కి ఇష్టమైన గురి అదే. కారు ముందు ప్లేటు కొలత 500 × 120 మిల్లీమీటర్లు. 100 మీటర్ల దగ్గర 30 సెంటీమీటర్ల మచ్చ ప్లేటు మధ్య భాగాన్నీ, దాని పైనా కిందా బంపర్‌నీ కలిపి కప్పుతుంది. ఫొటోలో ప్లేటు ఒక్కటే వెలిగి, బంపర్ చీకటిగా ఉంటుంది.

తిరుగు వెలుగు ఎంత సన్నని కోణంలో వస్తుందో తెలుసుకుంటేనే ఈ ఫొటో వస్తుంది. లేజర్‌కీ కెమెరాకీ మధ్య కోణం అర డిగ్రీ దాటితే బాగా తగ్గిపోతుంది. 50 మీటర్ల దూరంలో ప్లేటు ఉంటే, కెమెరా రేంజ్‌ఫైండర్‌కి 45 సెంటీమీటర్ల లోపల ఉండాలి. 10 మీటర్లే అయితే 9 సెంటీమీటర్ల లోపల. దగ్గరికి వెళ్తే సులువవుతుందని అనుకుంటారు, నిజానికి కష్టమవుతుంది. కదలకుండా ఆపి ఉంచిన సొంత బండిని, ఊరి బయట సొంత పొలం గట్టున పెట్టి, 50 మీటర్ల వెనక్కి వచ్చి, కెమెరా లెన్స్‌కి ఆనించినట్టే రేంజ్‌ఫైండర్ పట్టి నొక్కండి. సందె వేళ, సూర్యుడు దిగిపోయిన పావుగంట తర్వాత అయితే 850 ఫిల్టర్‌తో కూడా వస్తుంది.

పగటి వెలుగులో

కోనసీమలో పగలు తీయడం ఎందుకు కష్టమంటే, ఇక్కడి పచ్చదనమంతా ఇన్‌ఫ్రారెడ్‌లో తెలుపు. కొబ్బరి మట్టలు, అరటాకులు, దాళ్వా చేను, అన్నీ మంచు పట్టినట్టు మెరుస్తాయి. వాటి ముందు పెట్టిన కాగితం మీద లేజర్ మచ్చ వెతకడం దండగ. నీరు మాత్రం ఇన్‌ఫ్రారెడ్‌ని మింగి నల్లగా ఉంటుంది. ధవళేశ్వరం నుంచి పాయలు పాయలుగా విడిపోయి వచ్చే కాలువ ఒకటి మీ ఊరి పక్కనే ఉంటుంది. కాలువ గట్టున లక్ష్యం పెట్టి, వెనక నీళ్లు వచ్చేలా చూసుకోండి. గుర్రపుడెక్క లేని చోటు ఎంచుకోవాలి, అది కూడా ఆకే, తెల్లగా మెరుస్తుంది. శ్రావణంలో ఎర్రనీరు దిగితే ఈ ఉపాయం పారదు, బురద రేణువులు వెలుగుని తిప్పికొడతాయి. వేసవిలో కాలువ కట్టేశాక ఎలాగూ నీళ్లుండవు.

లక్ష్యాన్ని ఎండలో కాక గొడుగు నీడలో పెట్టండి. సన్నపట్టీ ఫిల్టర్ ఉన్నా, నేరుగా ఎండ పడే కాగితం మీద మచ్చ నూటికి ఒక పాలు తేడా కూడా ఇవ్వకపోవచ్చు. నీడలో అదే పదో వంతు వరకూ తేలుతుంది.

అప్పటికీ కనపడకపోతే తీసివేత పద్ధతి ఉంది. ట్రైపాడ్ బిగించి, ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ చేత్తో స్థిరం చేసి, లేజర్ వేసి 20, ఆపి 20 ఫొటోలు తీయండి. ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గుంపునీ స్టాక్‌గా తెరిచి జెడ్ ప్రాజెక్ట్‌లో సగటు తీయండి. తర్వాత ఇమేజ్ క్యాలిక్యులేటర్‌లో మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసేయండి, 32 బిట్ ఫలితం ఎంచుకోండి. 20 ఫొటోల సగటుకి నాయిస్ సుమారు 4.5 రెట్లు తగ్గుతుంది. మిగిలేది లేజర్ మచ్చ ఒక్కటే. మబ్బు నీడ కదిలినా, గాలికి ఆకు ఊగినా అదీ తేలుతుంది. కాబట్టి లేజర్ ఉన్నది ఐదు, లేనిది ఐదు చొప్పున మార్చి మార్చి తీస్తే మేలు.

మంచులో కిరణం

అందరూ కోరుకునే ఆ గీత వచ్చేది ఇక్కడే. ధనుర్మాసం నుంచి సంక్రాంతి దాటేదాకా మన పొలాల మీద తెల్లవారుజామున దిగే మంచు దీనికి సరైన తెర. నీటి బిందువులు 905 నానోమీటర్ల వెలుగుని కనపడే వెలుగంత బాగానే చెదరగొడతాయి. సాంబ్రాణి పొగ, కొబ్బరి డొక్కల పొగ కూడా వాడొచ్చు గానీ, పలచటి పొగలో రేణువులు మరీ చిన్నవి. ఇన్‌ఫ్రారెడ్‌కి అవి సగం కూడా అడ్డుపడవు. పైగా నిప్పు సెగ చిత్రంలో తెల్లగా వెలుగుతుంది. మూసిన గదిలో దట్టంగా పొగ వేసి, నిప్పుని బయట పెట్టేస్తేనే ఫలితం ఉంటుంది.

మంచు బిందువులు వెలుగుని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. అందుకని కెమెరా రేంజ్‌ఫైండర్ పక్కన కాదు, కిరణం వెళ్లే చివర ఉండాలి. రేంజ్‌ఫైండర్‌ని ఒక కుర్చీ మీద బిగించి, 10 మీటర్ల దూరంలో, కిరణానికి ఒక మీటరు పక్కగా కెమెరా పెట్టి, వెనక్కి రేంజ్‌ఫైండర్ వైపు చూపించండి. రేంజ్‌ఫైండర్ మూతి దగ్గర కోణం 6 డిగ్రీల లోపే ఉంటుంది, కెమెరా వైపు వచ్చేకొద్దీ పెరుగుతుంది. అడ్డంగా 90 డిగ్రీల నుంచి తీసిన దానికీ దీనికీ పోలికే ఉండదు. కిరణం నేరుగా లెన్స్‌లో పడకుండా, లెన్స్ ముందు నల్ల రబ్బరు గొట్టం తొడగండి.

ఐఎస్ఓ 3200, ఎఫ్/2, 30 సెకన్లు. స్కాన్ మోడ్ తనంతట తాను ఆగిపోతే షట్టర్ తెరిచి ఉండగానే మళ్లీ నొక్కుతూ ఉండండి. మంచులో రేంజ్‌ఫైండర్ తప్పు అంకెలు చూపిస్తుంది, దాని గురించి పట్టించుకోకండి. వెబ్‌క్యామ్‌కి 30 సెకన్ల షట్టర్ ఉండదు. నిమిషంపాటు వీడియో తీసి, ఇమేజ్‌జేలో ఆ ఫ్రేములన్నీ కూడితే అదే పని అవుతుంది. చిత్రంలో అక్కడక్కడా తెల్లటి ముక్కలు, వంపు గీతలు వస్తే అవి కిరణంలోంచి ఎగిరిన పురుగులు.

ఈ వేళలో అసలు శత్రువు లెన్స్ మీద పట్టే తేమ. ఏసీ గదిలోంచి కెమెరాని తిన్నగా బయటికి తెస్తే క్షణంలో మసకబారుతుంది. అరగంట ముందే పాలిథిన్ సంచిలో మూతి కట్టి బయట ఉంచండి, తేమ సంచి మీద పడుతుంది, లెన్స్ మీద పడదు. తీసేటప్పుడు గోరువెచ్చటి ఇసుక చిన్న మూట కట్టి లెన్స్ గొట్టం కింద ఆనిస్తే అద్దం తేమ పట్టదు. ఆ మాత్రం వేడి 905 దగ్గర ఏ వెలుగూ ఇవ్వదు, కాబట్టి ఫొటోకి అడ్డం రాదు. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్లలో తీస్తే, ఉప్పుగాలి ఫిల్టర్ పూతని తింటుంది. ఇంటికి రాగానే మెత్తటి నూలు బట్టని ఆర్‌ఓ నీళ్లతో తడిపి తుడిచి, ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లం ఉన్న డబ్బాలో పెట్టండి.

సూర్యుడు వచ్చేదాకా ఉన్న గంట, గంటన్నరలోనే అంతా అయిపోవాలి. తూర్పు ఎర్రబడటం కంటికి కనపడకముందే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలో ఆకాశం తెల్లబడటం మొదలవుతుంది. తెర మీద నేపథ్యం పైకి లేస్తున్నట్టు అనిపిస్తే 30 సెకన్లని 15కి, తర్వాత 8కి తగ్గించండి. అదీ చాలకపోతే సన్నపట్టీ ఫిల్టర్ వేయండి, ఇంకో 20 నిమిషాలు దొరుకుతాయి.